నల్లగీతల నదులు

సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఒక పాత కట్టుబాటు ఉంది. ఏడాది పొడుగునా నీళ్లుండే ఏరును నీలంతో గీస్తారు. వానలప్పుడు పారి ఆ తర్వాత ఎండిపోయే వంకను నలుపుతో గీస్తారు. కోనసీమ పటం విప్పితే పాయలతో, కాలువలతో కాగితమంతా నీలం. అనంతపురం పట్టణం ఉన్న 57ఎఫ్/10 పటం విప్పితే చాలావరకు నలుపే. గుట్టల వాలున వెంట్రుకంత సన్నగా మొదలైన గీతలు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, కాస్త లావెక్కుతూ వచ్చి ఏదో ఒక చెరువు కట్ట దగ్గర ఆగుతాయి. కట్టకు అవతల, మిగులు నీరు పొర్లే మరువ దగ్గర మళ్లీ మొదలై ఇంకో చెరువుకు పోతాయి. సంవత్సరంలో పది నెలలు ఆ గీతల్లో ఇసుక, తుమ్మచెట్లు, మేకల అడుగులు తప్ప ఇంకేమీ ఉండవు.

లేని నీటిని ఇంత ఓపికగా ఎందుకు గీశారు? ఈ పటాల విలువంతా ఆ ప్రశ్నలోనే ఉందని నేననుకుంటాను. నీళ్లున్న చోట నదిని ఎవరైనా చూడగలరు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో, అందులోనూ పెద్ద వంతు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాలుగైదు గట్టి వానలుగా కురిసే చోట, నీళ్లు రాకముందే వాటి దారి తెలిసి ఉండాలి. ఇక్కడ పటం గీయడమంటే ముందుగా ఆ దారిని పట్టుకోవడం.

అది పట్టుకోవడం తేలిక కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లా దక్షిణాన హిందూపురం, మడకశిర వైపు నేల సముద్రమట్టానికి ఆరువందల మీటర్లకు పైన ఉంటుంది. ఉత్తరాన తాడిపత్రికి వచ్చేసరికి మూడువందల లోపుకు దిగిపోతుంది. నూటముప్పై కిలోమీటర్ల దూరంలో ఇంతే తేడా. అన్నం తిన్న కంచం కింద ఒక అంచున పలచని అట్టముక్క పెట్టి లేపితే ఎంత వాలో ఇక్కడి నేలకూ అంతే. కళ్లకు అది చదునుగానే కనిపిస్తుంది. కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే దారిలో ఎక్కడో, ఎవరికీ కనిపించని ఒక మిట్ట మీద, వాన రెండుగా చీలిపోతుంది. ఇటు పడిన చినుకు పెన్నలో కలిసి నెల్లూరు మీదుగా సముద్రానికి పోవాలి. అటు పడింది వేదవతిలో చేరి, తుంగభద్రకు, అక్కడి నుంచి కృష్ణకు పోవాలి. ఆ మిట్ట ఎక్కడుందో నడిచి పోల్చుకోలేం. కొలిస్తేనే తెలుస్తుంది.

మట్టాలను కొలిచే పనిని ఈ ప్రాంతానికి తెల్లదొరలు నేర్పలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పనిచేశారని అందులో రాసుంది. శాసనాలు సాధారణంగా దాతను పొగిడి ఊరుకుంటాయి. ఈ శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసగా చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసిన మనిషి కావాలంటుంది. మూడు యోజనాల పొడవు పారే తియ్యటి నీటి ఏరు కావాలి. ఆ ఏరు చీల్చుకుని వచ్చే కొండ కావాలి. కొండల నడుమ రాతితో గట్టి కట్ట వేయాలి. కట్ట కొమ్ములు పంట పొలాలకు ఎడంగా ఉండాలి. చెరువు కడుపు వెడల్పుగా, లోతుగా ఉండాలి. దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే క్వారీ ఉండాలి.

దోషాల జాబితా ఇంకా ముఖ్యమైంది. కట్ట కింద నీరూరడం, చవుడు నేల, రెండు రాజ్యాల ఎల్ల మీద చెరువు పడడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం. ఈ ఆరింటిలో నాలుగు నేల ఎత్తుపల్లాలకు, కొలతలకు, సరిహద్దులకు సంబంధించినవే. చెరువు మధ్యలో మిట్ట ఉందో లేదో నీళ్లు నిండాక తెలిస్తే లాభం లేదు. ఏరు తెచ్చే నీటికి, చెరువు పట్టే నీటికి, పండించే పొలానికి లెక్క కుదరాలంటే ఎగువన ఎంత నేల మీద పడిన వాన ఈ వంకలోకి దిగుతుందో ముందే తెలియాలి. ఈనాటి ఇంజనీరు పటం ముందేసుకుని చేసే పని ఇదే. వాళ్ల పటం కాగితం మీద మిగల్లేదు. బుక్కపట్నం, ధర్మవరం, సింగనమల, కణేకల్లు చెరువుల కట్టలు ఎక్కడ వేశారో చూస్తే వాళ్లు నేలను ఎంత సరిగా చదివారో తెలుస్తుంది.

అనంతపురం పుట్టుకే ఒక చెరువు కథ. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేటికి అడ్డంగా కట్ట వేయించాడనీ, ఒక చివర ఊరికి రాజు పేరున బుక్కరాయసముద్రమనీ, మరో చివర ఊరికి తన భార్య పేరున అనంతసాగరమనీ పేరు పెట్టాడనీ అనంతపురం కైఫీయతు, అంటే కరణాలు రాసిపెట్టిన ఊరి చరిత్ర, చెబుతుంది. కట్ట తెగబోతే తనను తాను బలిచ్చుకున్న ముసలమ్మ కథ కూడా ఆ కట్టదే. సి.పి. బ్రౌను అచ్చువేసిన ఆ చరిత్ర నుంచే కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యం పుట్టింది.

కైఫీయతులు మన చేతికి వచ్చింది సర్వే పుణ్యమాని. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. ఆ తర్వాతి పదిహేనేళ్లలో మూడు రకాల కొలతలు ఒకే నేల మీద జరిగాయి. ఒకదానికొకటి సంబంధం లేని పనులుగా వీటిని చరిత్ర పుస్తకాలు చెప్పడం నాకు ఎప్పుడూ అసంతృప్తిగానే ఉంటుంది. మూడూ కలిస్తేనే పటం.

మొదటిది థామస్ మన్రోది. అనంతపురంలో కూర్చుని దత్తమండలాలను ఏలిన ఆ కలెక్టరు 1802లో పొలాల సర్వే మొదలుపెట్టించాడు. 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరా. శిస్తు కోసం చేసిన పని గనుక అందులో ప్రతి చేనూ ఉంది, ప్రతి రైతూ ఉన్నాడు. నేల ఎత్తు మాత్రం లేదు.

రెండోది కాలిన్ మెకంజీది. మైసూరు సర్వే ముగించి, 1809 తర్వాత దత్తమండలాల మీదికి వచ్చాడు. అతని మనుషులు కొండలు, ఏళ్లు, దారులు, ఊళ్లు, చెరువులు గీశారు. గీసినదాని పక్కనే ఊరి కరణాన్ని అడిగి ఊరి చరిత్ర రాయించారు. చరిత్ర రాయించే ఈ పనికి ప్రాణం పోసినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. అన్న వెంకట బొర్రయ్య 1803లోనే చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు. ఏ చెరువు ఎవరు కట్టించారు, ఎప్పుడు తెగింది, మాన్యం ఎవరిది అన్న సంగతులు పటం మీద గుర్తులుగా ఇమడవు. అందుకే పటానికి పక్కన పుస్తకం కావాలని మెకంజీ పట్టుబట్టాడు. పటాలు గీసే పనిలో ఇంతకంటే తెలివైన నిర్ణయం ఇంకొకటి నాకు కనిపించదు.

మూడోది విలియం లాంబ్టన్‌ది. ఇది పొలాన్నీ ఊరినీ పట్టించుకోని కొలత. మద్రాసు దగ్గర 1802లో మొదలైన త్రికోణమితి సర్వే దక్షిణాదిని త్రిభుజాలతో కప్పుకుంటూ ఉత్తరానికి పాకింది. ఒక భుజం పొడవు నేల మీద కొలిస్తే చాలు, మిగతా భుజాలను కోణాలతో లెక్కకట్టవచ్చు. కానీ త్రిభుజం మీద త్రిభుజం వేసుకుంటూ పోతే చిన్న పొరపాటు పెరిగి పెద్దదవుతుంది. అందుకని కొంత దూరం పోయాక మళ్లీ ఒక గీతను నేల మీదే కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో సరిచూసుకోవాలి. అలాంటి సరిచూపు గీతల్లో ఒకటి 1811లో గుత్తి దగ్గర వేశారు. చుట్టూ చదునైన రేగడి, అక్కడక్కడ గురి పెట్టుకోవడానికి రాతికొండలు. దీనికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

ఆ కొలత తీరు చూడండి. వంద అడుగుల ఉక్కు గొలుసు. రెండున్నర అడుగుల కడ్డీలు నలభై కలిపి చేసింది. దాన్ని నేల మీద పరిస్తే గడ్డలకు వంగుతుంది కనుక ముక్కాలి పీటల మీద కొయ్య పెట్టెలు నిలిపి వాటిలో పరిచేవారు. ఎండకు ఉక్కు సాగుతుంది. అనంతపురం ఎండకు ఇంకా సాగుతుంది. అందుకని పెట్టెల్లో థర్మామీటర్లు పెట్టి, ప్రతి పరుపుకూ వేడి రాసుకుని, చివర్లో ఆ సాగుదలను తీసేసేవారు. ఇంకో గొలుసును వాడకుండా దాచి, కొలిచే గొలుసు అరిగిందేమో దానితో పోల్చుకునేవారు. కోణాలు చూసే థియొడొలైటు అరటన్ను బరువు. 1808లో తంజావూరు గుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుని వంకరపోయింది. లాంబ్టన్ దాన్ని విప్పి, ఆరు వారాలు కూర్చుని తన చేతులతోనే సరిచేశాడు. గుత్తి కొండలను చూసింది అలా బాగైన ఆ పరికరంతోనే. రాత్రిళ్లు నక్షత్రాలు చూసి అక్షాంశం తేల్చడానికి గుత్తికి దగ్గర్లోని నామ్తాబాద్‌ను ఎంచుకున్నారు. లాంబ్టన్ 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశాడు. అతను మొదలుపెట్టిన త్రిభుజాల వరస మాత్రం ఆ తర్వాత హిమాలయాల పాదాలకు చేరింది.

అంతకు కొన్నేళ్ల ముందు భూమికి మరో కొసన ఇంకొకడు ఇలాంటి నేలతోనే కుస్తీ పడ్డాడు. కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున కిలోమీటరుకు ఒక మీటరు వాలైనా లేని చిత్తడి నేల లక్షల చదరపు కిలోమీటర్లుంది. అక్కడ ఉద్యోగంలో చేరి, పడవ మీదా కాలి నడకనా ఏళ్ల తరబడి తిరిగిన డేవిడ్ థాంప్సన్ తన పెద్ద పటాన్ని 1814లో పూర్తిచేశాడు. అక్కడ నీళ్లెక్కువ, ఇక్కడ లేవు. చిక్కు మాత్రం ఒకటే: చదునైన నేల మీద నీరు ఎటు పోతుందో కంటికి తెలియదు. క్రీ, డెనే తెగల మనుషులు దారి చూపించబట్టే ఆ పటం సాధ్యపడింది. ఇక్కడ కరణాలు, తలారులు, నీరుగంటివాళ్లు చూపించారు. ఆ చూపించినవాళ్ల పేర్లు పటాల మీద ఎక్కడా లేవు. ఉండాల్సింది.

ఈనాటి 1:50,000 కొలమానం పటం చదవడానికి కొంచెం అలవాటు కావాలి. గోధుమరంగు గీతలు కాంటూర్లు. ఒకే గీత మీదున్న చోట్లన్నీ ఒకే ఎత్తు. గీతలు దగ్గరగా ఉంటే నిటారు గుట్ట, ఎడంగా ఉంటే చదును. కాంటూరు ఒక చోట మూలగా వంగి, ఆ మూల ఎగువ వైపు చూస్తుంటే అక్కడ వంక ఉన్నట్టు. గీయడం మరిచినా కాంటూరే చెబుతుంది. ఆ ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచి లెక్క. మన దేశానికి ఆ మట్టాన్ని 1909లో తొమ్మిది రేవుల ఆటుపోట్లను సరిచూసి తేల్చారు. అందులో విశాఖపట్నం ఒకటి. రైల్వే స్టేషన్లలో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద రాసే ఎత్తు ఆ వరసలోదే.

అయితే ఒక ఇబ్బంది ఉంది. కాంటూర్ల నడుమ తేడా ఇరవై మీటర్లు. అనంతపురం చెరువు కట్టల్లో చాలావాటి ఎత్తు మూడు నుంచి ఆరు మీటర్లు. ఈ జిల్లా బతుకంతా రెండు కాంటూర్ల మధ్య ఖాళీలోనే జరిగిపోతుంది. సర్వేవాళ్లకు ఇది తెలుసు. అందుకే కట్ట పక్కన 3ఆర్, 5ఆర్ అని చిన్న అంకె వేస్తారు. చుట్టూ ఉన్న నేల కంటే కట్ట అంత ఎత్తు అని అర్థం. పటంలో అన్నిటికంటే చిన్న అక్షరాలు అవే. ఆయకట్టు రైతుకు అన్నిటికంటే పెద్ద సంగతీ అదే.

ఆ ఖాళీని నింపేది సర్వే పటం కాదు, రెవెన్యూ పటం. ప్రతి సర్వే నంబరుకూ ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్), ఉంటుంది. మద్రాసు రాష్ట్రపు పాత పద్ధతి: పొలం మూలల్లో రాళ్లు పాతి, రాయికీ రాయికీ మధ్య జీ లైను లాగి, గట్టు వంకర తిరిగిన చోటల్లా ఆ గీత నుంచి లంబంగా ఆఫ్‌సెట్టు కొలుస్తారు. ఆ కొలతలన్నీ కాగితం మీద ఉంటాయి కనుక రాయిని ఎవరైనా పీకేసినా మళ్లీ అదే చోట పాతవచ్చు. వంకకు కూడా ఇలాగే ఒక సర్వే నంబరు, పోరంబోకు అన్న వర్గీకరణ, వెడల్పు కొలతలు ఉన్నాయి. వంకకు చట్టంలో ఉన్న ఉనికి ఆ ఎఫ్ఎంబీయే. దాన్ని తీసేస్తే వంక అంటే ఎవరూ దున్నని ఇసుక నేల మాత్రమే.

పటాలు గీయడం మళ్లీ జనం చేతికి వచ్చింది 1990ల నడుమ. కరువు ప్రాంతాల పథకాలను పరిశీలించిన సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. దాదాపు 500 హెక్టార్లను ఒక నీటి పరీవాహకంగా తీసుకుని, గుట్ట మీద మొదలుపెట్టి పల్లానికి దిగుతూ పని చేయాలన్నారు. అనంతపురం పల్లెల్లో ఈ పనులు విరివిగా జరిగాయి.

దానికి వాడిన సాధనాలు చూస్తే ముచ్చటేస్తుంది. రెండు కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైనుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తారు. దీన్ని ఏ ఫ్రేము అంటారు. రెండు కాళ్లనూ రెండు చోట్ల నిలిపి దారం అడ్డకర్రను తాకిన చోట గీటు పెడతారు. కాళ్లను అటుదిటూ ఇటుదటూ మార్చి అవే చోట్ల నిలిపి ఇంకో గీటు పెడతారు. రెండు గీట్ల నడిమిది సమమట్టం. ఇక వాలుకు అడ్డంగా నడుస్తూ, దారం నడిమి గీటు మీదికి వచ్చిన ప్రతి చోటా మేకు కొడితే ఆ మేకుల వరసే కాంటూరు. లాంబ్టన్ అరటన్ను పరికరం చేసే పనికి ఇది బదులు కాదు. కందకం తవ్వడానికి కావలసిన ఖచ్చితత్వం దీనికి చాలు. పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ గుర్తులు వేసిన కర్రలకు కట్టి మట్టం చూడడం ఇంకో పద్ధతి. గొట్టంలో బుడగ ఉంటే మట్టం తప్పుతుంది. అందుకే ముందు బుడగలు తీసేస్తారు.

ఊరి పటం మాత్రం ముగ్గుతో వేస్తారు. రచ్చబండ దగ్గర నేల అలికి, ముగ్గుపిండితో వీధులు, ఇటుకపొడితో ఎర్రనేలలు, ఆకులతో చెట్లు, గింజలతో బావులు పెడతారు. మగవాళ్లు పొలాల హద్దులు, ఎవరి బోరు ఎక్కడ అన్నది గీస్తారు. ఆడవాళ్లు వేస్తే కట్టెలు దొరికే చోటు, మేకలు మేసే బీడు, ఎండాకాలం చివరిదాకా చెలమలో నీరూరే వంక మలుపు వస్తాయి. ఏ వంకలో ఇసుక కింద నీళ్లు ఎన్నాళ్లుంటాయో సర్వే ఆఫ్ ఇండియా పటంలో గుర్తు లేదు. ముగ్గు పటంలో ఉంటుంది. దాన్ని కాగితం మీదికి ఎక్కించకుండా సాయంత్రానికి ఊడ్చేసిన సందర్భాలున్నాయి. అది చాలా పెద్ద నష్టం.

ఉపగ్రహాలు వచ్చాక ఈ పాత పనులు అక్కర్లేదనే మాట తరచూ వింటుంటాం. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులు రాడారుతో భూమి ఎత్తులను కొలిచింది. 2005లో మన కార్టోశాట్-1 వెళ్లింది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) దాని చిత్రాల నుంచి దేశం మొత్తానికీ ఎత్తుల నమూనా తయారుచేసింది. గుట్టలున్న చోట ఇవి అద్భుతంగా పనిచేస్తాయి. కానీ అంతరిక్ష నౌక రాడారు కొలతకు పెట్టుకున్న పొరపాటు పరిమితి పదహారు మీటర్లు. నాలుగు మీటర్ల కట్టను అందులో వెతకడం కష్టం. పైగా రాడారు చూసేది నేలను కాదు, నేల మీదున్నదాన్ని. పూడిపోయిన చెరువు నిండా సర్కారు తుమ్మ కమ్ముకుని ఉంటే చెరువు కడుపు మిట్టగా కనిపిస్తుంది. ఎగువ నుంచి లెక్కకట్టిన నీటిదారి అక్కడికొచ్చి పక్క ఊరి మీదికి తిరిగిపోతుంది.

పటాన్ని మళ్లీ మళ్లీ గీయాల్సిన నేల కూడా ఈ జిల్లాలోనే ఉంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఒడ్డున ఇసుకదిబ్బలున్నాయి. ఎండిన ఏటి కడుపులోని సన్న ఇసుక నైరుతి గాలికి లేచి పొలాల మీదికి, ఇళ్ల మీదికి వస్తుంది. అక్కడ పాతికేళ్ల కిందటి పటంతో హద్దు వెతుక్కోవడం వృథా.

2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగింది. కాలనీల్లో ఇళ్లు మునిగాయి, జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. వార్తల్లో దాన్ని అనుకోని వరదగా చెప్పారు. వంక తన దారినే వచ్చింది. ఆ దారిలో ఊరు పెరిగింది. ఎగువన కాలువలు, కుంటలు ఉన్నప్పుడు నీరు ఆగాగి వచ్చేది. అవి లేకపోయేసరికి ఒక్కసారిగా వచ్చింది.

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలను సరిచేసే స్థిర కేంద్రాలతో, సెంటీమీటర్లలో హద్దులు తేలుస్తున్నారు. పట్టా భూమికి ఇది మేలే. తన హద్దు దగ్గర నిలబడి మాట్లాడటానికి ప్రతి చేనుకూ ఒక యజమాని ఉన్నాడు. వంకకు అలా ఎవరూ లేరు. డ్రోను ఎండాకాలంలో పైనుంచి తీసిన బొమ్మలో వంక దున్నిన చేనుకూ, బండ్లబాటకూ తేడా లేకుండా ఉంటుంది. అందుకని పాత ఎఫ్ఎంబీలోని వంక పోరంబోకు కొలతలను కొత్త పటం మీద పెట్టి, ఊళ్లో మిగిలిన నీరుగంటిని, మేకలు కాసేవాళ్లను వెంటబెట్టుకుని, అక్టోబరులో నీళ్లు పారేటప్పుడే ఆ వంక వెంట మొదటి నుంచి మరువ దాకా నడిచి రాళ్లు పాతాలి. ప్రతి మండలంలో సర్వేయరు ఉన్నాడు, ఊరి పటం ఉంది, నడవగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. గ్రామసభలో ఒక తీర్మానం రాయించి, తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇస్తే ఈ వానాకాలమే మొదలుపెట్టవచ్చు.